మెచ్చిన చేత్తోనే నోటీసు

అభిమానులు గీసిన బొమ్మలను అధికారిక ఖాతాల్లో సగర్వంగా పంచుకునే వినోద సంస్థలే, ఆ బొమ్మలు పోస్టర్లుగానో స్టిక్కర్లుగానో కీచెయిన్లుగానో అమ్మకానికి వచ్చేసరికి కాపీరైట్ నోటీసులు పట్టుకుని బయలుదేరుతున్నాయి. చిన్న చిన్న ఆన్‌లైన్ దుకాణాలు రాత్రికి రాత్రే ఖాళీ అవుతున్నాయి. హక్కు ఉన్నవారు దాన్ని వాడుకోవడాన్ని ఈ పత్రిక తప్పుపట్టదు. ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు ఊరుకుని, అలా ఊరుకోవడం వల్ల ఒనగూరిన ప్రచారాన్నంతా అనుభవించి, తమకు వీలైన రోజున అదే పనికి దొంగతనమని పేరుపెట్టడాన్ని మాత్రం ఎంతమాత్రం సమర్థించలేము.

చట్టం ఎవరి పక్షాన ఉందో తెలియనిది కాదు. మూలకృతి ఆధారంగా మరో కృతిని తయారుచేసే హక్కును అమెరికా 1976 కాపీరైట్ చట్టం హక్కుదారుకే కట్టబెట్టింది. తెలిసి చేసిన ఉల్లంఘన అని తేలితే ఒక్కో కృతికి 1,50,000 డాలర్ల దాకా పరిహారం విధించే అధికారం అక్కడి కోర్టులకు ఉంది. భారతదేశపు 1957 చట్టంలోని 52వ సెక్షన్ సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వార్తాకథనాలకు మినహాయింపులిచ్చిందే తప్ప, అభిమానంతో గీసి అమ్ముకోవడానికి విడిగా చోటివ్వలేదు. మూలం పేరు రాస్తే చాలనీ, 30 శాతం మారిస్తే చాలనీ, ఉల్లంఘన ఉద్దేశం లేదని కింద ఒక వాక్యం తగిలిస్తే చాలనీ అభిమానులు ఒకరికొకరు చెప్పుకునే ధైర్యవచనాలు కోర్టులో నిలబడవు.

అనుమతి లేకుండా కొంతమేర వాడుకోనిచ్చే ‘ఫెయిర్ యూజ్’ అనే కొద్దిపాటి వెసులుబాటు కూడా అమెరికాలో కుంచించుకుపోతోంది. 2023 మేలో, ప్రసిద్ధ చిత్రకారుడు ఆండీ వార్హోల్ పేరిట ఉన్న ఫౌండేషన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో ఇచ్చిన తీర్పే ఇందుకు నిదర్శనం. గాయకుడు ప్రిన్స్ ఫొటో ఆధారంగా వార్హోల్ వేసిన చిత్రాన్ని ఒక పత్రిక ముఖచిత్రానికి లైసెన్సుకు ఇచ్చినప్పుడు, అసలు ఫొటో కూడా సరిగ్గా అలాంటి అవసరానికే ఉపయోగపడేది గనుక, శైలి మారిందన్న ఒక్క కారణం దానికి రక్షణ కాలేదని కోర్టు తేల్చింది. అంతటి పేరున్న చిత్రకారుడి కృతికే దొరకని మినహాయింపు, గది మూలన ప్రింటరు పెట్టుకుని బొమ్మలు అమ్ముకునేవారికి దొరుకుతుందని ఆశపెట్టడం వారికి అపకారం చేయడమే.

దీనికన్నా కఠినమైన చిక్కు మరొకటి ఉంది. అనుమతి లేకుండా రాకీ సినిమాల పాత్రలతో కథ అల్లిన ఒక రచయిత, ఆ కథను తర్వాతి సినిమాకు వాడుకున్నారంటూ ఆ సినిమాల నటుడు సిల్వెస్టర్ స్టాలోన్ తదితరులపై వేసిన దావాలో, 1989లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు ఆ కథలో ఏ భాగానికీ కాపీరైట్ రక్షణ లేదని తీర్పు చెప్పింది. ఈ తర్కం అభిమానులు గీసే బొమ్మలకూ (ఫ్యాన్ ఆర్ట్‌కూ) వర్తించవచ్చు. అనుమతి లేకుండా బొమ్మ గీసినవారు అమ్ముకోలేకపోవడమే కాదు, ఆ బొమ్మనే మూడోవారు ఎత్తుకుపోయి టీషర్టుల మీద వేసి అమ్మినా గట్టిగా అడగలేని స్థితిలో పడతారు. ఇంత బలహీనమైన స్థితిలో ఉన్నవారితో సంస్థలు ఎలా ప్రవర్తిస్తున్నాయన్నదే ఇక్కడ తేలాల్సిన విషయం.

2013లో జరిగింది చూడండి. ఫాక్స్ చానల్లో 2002లో ప్రసారమై కొద్ది ఎపిసోడ్లకే ఆగిపోయిన ఫైర్‌ఫ్లై సీరియల్‌లో ఒక పాత్ర తల మీద అమ్మ అల్లి పంపిన ఉన్ని టోపీ ఉంటుంది. నారింజ, పసుపు రంగులు, చెవుల మీదికి దిగే రెండు రెక్కలు, నెత్తిన ఒక కుచ్చు; చూడగానే ఇంట్లో చేసిందని తెలిసిపోయే టోపీ. సీరియల్ ఆగిపోయాక సంవత్సరాల పాటు అభిమానులు దాన్ని సూదులతో అల్లి తలా కొన్ని అమ్ముకున్నారు. అధికారిక లైసెన్సుతో తయారైన టోపీ మార్కెట్లోకి వచ్చేదాకా అది ఎవరికీ నేరంగా కనిపించలేదు. వచ్చాక అల్లినవారికి నోటీసులు వెళ్లాయి, దుకాణాల నుంచి టోపీలు మాయమయ్యాయి. విమర్శలు చెలరేగాక, ఆ అధికారిక టోపీని అమ్ముతున్న థింక్‌గీక్ సంస్థ దాని మీద వచ్చిన లాభాన్ని ధర్మకార్యానికి ఇస్తామని ప్రకటించింది. ఆగిపోయిన సీరియల్‌ను జనం నోళ్లలో నిలిపి, ఆ టోపీకి గిరాకీ తెచ్చిపెట్టింది ఈ అల్లినవారే. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

సృష్టికర్త శ్రమకు ఫలం దక్కాలనీ, ఊరుకుంటే హక్కు చేజారుతుందనీ సంస్థలు వాదిస్తాయి. మొదటిదానిని అంగీకరిస్తాము. రెండోది ట్రేడ్‌మార్కు విషయంలో చెల్లే మాట. కాపీరైట్ మాత్రం అడగకుండా ఊరుకున్నంత మాత్రాన పోదు, దాని గడువు ముగిసేదాకా ఉంటుంది. కాబట్టి హక్కు పోతుందన్న భయంతో నోటీసులు పంపుతున్నామనడం సగం నిజం. పంపాలనుకున్నప్పుడు పంపవచ్చన్న ధీమాతో ఇన్నాళ్లూ ఊరుకున్నామన్నది మిగతా సగం.

ఆ ధీమా ఎంత ఏకపక్షమో సంస్థలు నడిపే ఫ్యాన్ ఆర్ట్ పోటీల నిబంధనలు చదివితే తెలుస్తుంది. సాధారణంగా వాటిలో ఉండేదేమిటంటే, పంపిన బొమ్మను ప్రపంచమంతటా, ఎన్నాళ్లయినా, పైసా చెల్లించకుండా వాడుకునే హక్కును చిత్రకారులు సంస్థకు రాసివ్వాలి. గెలిచినవారికి బహుమతి దక్కుతుంది, ఓడినవారి బొమ్మను కూడా సంస్థ ఉచితంగా వాడుకోవచ్చు. పోటీలో పెట్టినప్పుడు సృజన అనిపించుకున్న పని, అమ్మకానికి పెట్టినప్పుడు ఉల్లంఘన అవుతోంది. చట్టపరంగా ఇందులో వైరుధ్యం లేదని న్యాయవాదులు నిరూపించగలరు. నైతికంగా లేదని ఎవరూ నిరూపించలేరు.

రాతపూర్వకమైన నియమం పెట్టడం అసాధ్యమేమీ కాదు. టోక్యోలో 1975 నుంచి సాగుతున్న కొమికెట్ సంతలో అభిమానులు ఇతరుల పాత్రలతో వేసిన దోజిన్షీ పుస్తకాలు బాహాటంగా అమ్ముతారు. అది చాలాకాలం హక్కుదారుల మౌనం మీదే నడిచింది. ఫిర్యాదు లేకుండానే పోలీసులు కేసు పెట్టే నిబంధన రాబోతోందన్న ఆందోళన మొదలైనప్పుడు, 2013లో అక్కడ దోజిన్ మార్క్ అనే గుర్తు వచ్చింది. తన పాత్రలతో దోజిన్షీ వేసి అలాంటి వేడుకల్లో అమ్ముకోవచ్చని రచయిత తన పుస్తకం మీదే ప్రకటించే ఏర్పాటు ఇది. కెన్ అకమత్సు అనే మాంగా (జపాన్ బొమ్మల కథలు) రచయిత దాన్ని మొదట వాడారు. 2018 చివర్లో ఆ నిబంధన అమల్లోకి వచ్చినప్పుడు కూడా జపాన్ ప్రభుత్వం దాన్ని లాభాపేక్షతో మూలకృతిని ఉన్నదున్నట్టు నకలుచేసి హక్కుదారు ఆదాయానికి గండికొట్టే సందర్భాలకే పరిమితం చేసింది. నకలుకూ, అభిమాని ఊహకూ మధ్య గీత గీయవచ్చని ఒక దేశం చట్టంలోనే రాసి చూపింది. కెనడా 2012లోనే వాణిజ్యేతర కృతులకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. ఐరోపా సమాఖ్య 2019 ఆదేశం ఆన్‌లైన్ వేదికల్లో వ్యంగ్యచిత్రాన్ని, పేరడీని, పాస్టీష్‌ను (ఇతరుల శైలిని అనుకరించే కృతిని) కాపాడాలంది.

సంస్థలకు నిజంగా నష్టం చేసేవారు వేరే ఉన్నారు. డిస్నీ, యూనివర్సల్ 2025 జూన్‌లో కృత్రిమ మేధతో బొమ్మలు తయారుచేసే మిడ్‌జర్నీ మీద దావా వేశాయి. ఆ స్థాయి పోరాటం అర్థమయ్యేదే. లక్షల బొమ్మలు ఉత్పత్తి చేసే యంత్రాన్నీ, చేత్తో గీసి వారానికి పది ప్రింట్లు అమ్ముకునే మనిషినీ ఒకే నోటీసు నమూనాతో కొట్టడం అర్థం కానిది. ఆన్‌లైన్‌లో కాపీరైట్ గురించిన అమెరికా 1998 డీఎంసీఏ చట్టం ప్రకారం నోటీసును సవాలు చేయాలంటే చిత్రకారులు తమ అసలు పేరు, చిరునామా ఇచ్చి, ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకోవాలి. ఆ తర్వాత కూడా బొమ్మ తిరిగి కనిపించడానికి 10 నుంచి 14 పనిదినాలు పడుతుంది. ఈలోగా అమ్మకాల రోజులు వెళ్లిపోతాయి. భయపడి దుకాణం మూసేసేవారే ఎక్కువ.

ఏ పాత్రలను గీసి అమ్ముకోవచ్చు, ఎన్ని ప్రతుల వరకు, ఎంత ఆదాయం దాటితే లైసెన్సు తీసుకోవాలి, దానికి రుసుమెంత, ఎవరిని అడగాలి అన్నవి ప్రతి హక్కుదారు సంస్థా ఒక్క పుటలో రాసి అందరికీ కనిపించేలా పెట్టాలి. అసలు వద్దనుకుంటే వద్దనే అందులో రాయాలి. అది కఠినంగా ఉన్నా ఫర్వాలేదు, ముందే తెలియాలి. ఇన్నాళ్లు ఊరుకున్నదాన్ని ఆపదలచుకుంటే, ఇప్పటికే అచ్చువేయించుకున్న సరుకు అమ్ముకునే గడువిచ్చి ఆపాలి. అమ్మకం అమ్మకానికీ కమీషన్ తీసుకునే వేదికలు కూడా నోటీసు అందగానే దుకాణమంతటినీ మూసివేయడం మాని, వివాదంలో ఉన్న ఒక్క బొమ్మనే పక్కన పెట్టాలి. ఒక్క పుట నియమం రాసే తీరిక లేని సంస్థలు అభిమానుల బొమ్మలు అడగడం, పోటీలు పెట్టడం, వాటిని తమ ప్రచారానికి వాడుకోవడం ఇవాళే మానుకోవాలి.