ఓపిక లేదంటే చాలు, ఓ డబ్బా

రాజోలు దగ్గర ఉండే మా పిన్నికి రెండేళ్ల కిందట విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోయిన ఓపిక తిరిగి రాలేదు. పొద్దున్నే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గేసిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడు మంచం దిగలేదు.

మందుల షాపులో "నీరసమండీ" అంటే పసుపు, అశ్వగంధ, గ్రీన్ టీ సారాలు కలిపిన డబ్బా చేతిలో పెట్టారు. అరవై బిళ్లలు, 1,150 రూపాయలు. ముందువైపు పెద్దక్షరాల్లో యాంటీ ఆక్సిడెంట్ శక్తి. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో, 'వైద్యానికి వాడేది కాదు' అని. ఆ ముక్క అచ్చేయాలన్నది ఆహార భద్రతా నిబంధనే. పిన్నికి ఇంగ్లీషు రాదు.

ఈ బిళ్లల వెనక శాస్త్రం బొత్తిగా లేదనను. 2002లో చండీగఢ్‌లోని పంజాబ్ యూనివర్సిటీ పరిశోధకులు ఎలుకల్ని రోజూ నీళ్లలో ఈదించి అలసిపోయేలా చేశారు. అశ్వగంధ లాంటివి ఇస్తే వాటి మెదడులో ఆక్సీకరణ దెబ్బ, అంటే యాంటీ ఆక్సిడెంట్లు అడ్డుకుంటాయనే కణాల నష్టం, తగ్గింది. కానీ ఈది అలిసిన ఎలుక వేరు, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ ఉన్న మనిషి వేరు. ఆరు నెలలు దాటిన నిస్సత్తువ, పడుకున్నా తీరని అలసట, చిన్న పనికే తర్వాత కుప్పకూలడం: 2015లో అమెరికా నిపుణులు చెప్పిన ప్రధాన గుర్తులివి. ఈ జబ్బును నయం చేస్తాయని ఏ మందూ, ఏ సప్లిమెంటూ ఇవ్వొద్దని 2021లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ తేల్చేసింది.

నా అసలు భయం వేరే. మన డెల్టాలో ఓపికంటే పనే. బిళ్ల వేసుకున్నాక కాస్త తేలిగ్గా అనిపిస్తే ఆడవాళ్లు ఊరుకుంటారా? నాలుగు రోజుల పనీ ఒక్కపూటలో చేసేస్తారు. ఈ జబ్బులో దెబ్బతీసేది సరిగ్గా అదే.

పైగా నీరసమన్నదల్లా ఈ జబ్బూ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ముందు చూడాల్సింది హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్. డబ్బా కొన్నాక ఆ పరీక్షలు వాయిదా పడతాయి. చెట్టు మందేగా, ఏం చేస్తుందిలే అనుకోవడానికీ లేదు. పులుసులో వేసే చిటికెడు పసుపు వేరు, మిరియాల సారంతో ఒంటికి ఎక్కువగా పట్టించే పసుపు బిళ్ల వేరు. ఇలాంటి బిళ్లలతోనూ, అశ్వగంధతోనూ కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

పిన్నికి పరీక్షలన్నీ బాగానే వచ్చాకే డాక్టరు ఈ జబ్బు పేరు చెప్పారు. ఇప్పుడు ఊడ్చిన రోజు ముగ్గెయ్యదు. కూరలు పీట మీద కూర్చునే తరుగుతుంది. మంచాన పడే రోజులు తగ్గాయి. సగం బిళ్లలున్న డబ్బా మాత్రం, 1,150 పోసి కొన్నది పారెయ్యబుద్ధి కాక, ఫ్రిజ్ మీదే ఉంచింది.