ఎగిరిపోయిన పొందూరు పంచె

మా మామగారు శ్రీకాకుళం బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చిన మర్నాటి నుంచే వీధి చివర ఆగే బస్సు రాకపోకలను ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టారు. అలాంటి మనిషిని సెలవులకని కరీబియన్ సముద్రంలోని సింట్ మార్టెన్ దీవికి తీసుకెళ్లి మాహో బీచిలో కూర్చోబెట్టాను. తప్పంతా నాదే.

ఆ దీవిలో ఒక వాటా ఫ్రెంచివాళ్లది, ఒక వాటా డచ్చివాళ్లది. 1648లో పంచుకున్నారు, ఇప్పటికీ పక్కపక్కనే ఉంటున్నారు. మా ఊళ్లో పొలం గట్టు తగాదా ఏదీ ఇంత మర్యాదగా తెమలలేదు. డచ్చి వాటాలో ప్రిన్సెస్ జూలియానా విమానాశ్రయం ఉంది. రన్‌వే 2,300 మీటర్లు. ఒక చివర సముద్రం, రెండో చివర దాటితే కొండలు. వచ్చే విమానం రన్‌వే మొదట్లోనే నేలను తాకాలి కాబట్టి బీచి మీదికి వచ్చేసరికే బాగా దిగిపోయి ఉంటుంది. ఇసుక, సన్నని రోడ్డు, ఇనుప కంచె, ఆ వెంటనే రన్‌వే. వెల్లకిలా పడుకున్నవాడికి విమానం పొట్ట తప్ప ఆకాశం కనిపించదు.

పక్కనే ఉన్న బార్‌లో సర్ఫింగ్ బల్ల ఒకటి నిలబెట్టి, దాని మీద ఆ రోజు వచ్చే విమానాల వేళలు రాశారు. మామగారి కళ్లు మెరిశాయి.

“ప్లాట్‌ఫారం నంబర్లు వేయలేదేమిటి, అల్లుడుగారూ?”

“ఒకటే రన్‌వే, మామయ్యగారూ.”

“అయినా వేయాలి.”

మొదటి విమానం మా నెత్తిన ఉరుముతూ దిగింది. బీచంతా కేకలు, చప్పట్లు. అత్తయ్యగారు పులిహోర డబ్బా మీదికి వంగి కళ్లు మూసుకున్నారు. మామగారు మాత్రం వాచీ చూసుకుని, “నాలుగు నిమిషాలు లేటు” అని రాసుకున్నారు. 2016 దాకా 747 జంబోలు కూడా ఇలాగే దిగేవని చెబితే, “డబుల్ డెక్కరా!” అని తొలిసారి కాస్త గౌరవంగా ఆకాశం వైపు చూశారు.

ఈ సందడిలో ఒక అల వచ్చి ఆయన్ను నడుం దాకా తడిపేసింది. కట్టుకున్నది సన్ననూలు పొందూరు ఖద్దరు. ఆయన తువ్వాలు చుట్టుకున్నారు. అత్తయ్యగారు పంచె పిండి, చుట్టూ చూసి, రోడ్డు అవతలి కంచె మీద చక్కగా ఆరేసి వచ్చారు. ఎండా గాలీ బాగున్నాయి, పది నిమిషాల్లో ఆరిపోతుందన్నారు.

కంచె దగ్గర ఒక హెచ్చరిక బోర్డు ఉంది. విమానం ఇంజన్ల నుంచి వచ్చే గాలి మనిషిని చంపగలదని దాని సారాంశం. ఊరికే భయపెట్టడానికి పెట్టింది కాదు. 2017 జులైలో ఆ గాలికి పడి ఒకావిడ చనిపోయింది. ఆ బోర్డు నేను చదివాను. కానీ నా దృష్టంతా దిగే విమానాల మీదే ఉంది. గాడిద వెనకాల నిలబడకూడదని మా నాయనమ్మ చెప్పేది. పాపం, ఆవిడ విమానాన్ని వెనక నుంచి చూడలేదు.

ఇంతలో ఒక పెద్ద విమానం వచ్చి, ముక్కు కొండల వైపు, తోక మా వైపు పెట్టి నిలబడింది. ఎదురుగా కొండలు, కింద పొట్టి రన్‌వే. పైలట్ బ్రేకులు వదలకుండానే ఇంజన్లకు పూర్తి బలం ఇచ్చాడు. నాకప్పుడు పంచె గుర్తొచ్చి పరిగెత్తాను.

రోడ్డు దాకా కూడా వెళ్లలేదు. రెండడుగులు ముందుకు వేశాను, నాలుగు వెనక్కి పడ్డాయి, ఆపైన ఇసుకలో కూర్చున్నాను. కూర్చోవాలన్న నిర్ణయం నాది కాదు. టోపీ పోయింది, కళ్లజోడు పోయింది, నోట్లో ఇసుక. పంచె మొదట నిండా గాలి పోసుకుని, లోపల ఎవరో మనిషి ఉన్నట్టు కంచె మీద నిటారుగా నిలబడింది. తర్వాత రోడ్డు దాటింది, నన్ను దాటింది, ఎర్రగా కమిలిన ఒక దొర భుజాల మీద క్షణం పాటు ఉత్తరీయంలా వాలి, అక్కడా నచ్చక సముద్రం వైపు సాగిపోయింది. జనం విమానం వదిలేసి పంచెకు చప్పట్లు కొట్టారు.

“పొందూరుది!” అన్నారు అత్తయ్యగారు. వెలతో సహా చెప్పారు. పులిహోరలో వేరుశనగ పప్పు ఏదో ఇసుక ఏదో తెలియడం లేదు.

ఆయనకు ఏం చెప్పాలా అని లేచి ఇసుక దులుపుకుంటూ వెతికాను. మామగారు నడుముకు తువ్వాలుతో సర్ఫింగ్ బల్ల ముందు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో నోటుబుక్కు, రెండో చేతిలో తువ్వాలు ముడి.

“ఇప్పుడు వెళ్లిన బండి పేరు ఇందులో ఎక్కడా లేదు, బాబూ. స్పెషలా?”