యాసిడ్‌లో పెడితే ఆ పచ్చ వెలుగు ఆరిపోతుంది

జెల్లీఫిష్ నుంచి వచ్చిన జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రోటీన్‌తో చిట్టెలుకల ఎముక కణాలు మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా వెలుగుతాయని మీ వ్యాసంలో చక్కగా రాశారండీ. ఒక ముఖ్యమైన సంగతి మాత్రం వదిలేశారు. కర్నూలులో హిస్టాలజీ స్లైడ్లు, అంటే శరీర భాగాల ముక్కల్ని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూసేందుకు గాజు పలకలు చేసే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఎముకను పల్చగా కోయాలంటే ముందు అందులోని కాల్షియం తీసెయ్యాలి. మామూలుగా యాసిడ్‌లో పెడతాం. ముక్క రబ్బరులా వంగి, సూది గుచ్చితే సులువుగా దిగిందంటే పని అయినట్టే. కానీ యాసిడ్ తగిలితే జీఎఫ్‌పీ వెలుగు పోతుంది. అందుకే కాల్షియాన్ని మెల్లగా లాగేసే ఈడీటీఏ అనే రసాయనంలో, అదీ న్యూట్రల్ పీహెచ్‌లో (ఆమ్లమూ క్షారమూ కాకుండా) ఉంచి పెట్టాలి. ముక్క పెద్దదైతే వారాలు పడుతుంది, తొందరపడితే లాభం లేదు.

మనుషులకు జీఎఫ్‌పీ పెట్టరు కదా, వాళ్లకు టెట్రాసైక్లిన్ ఉంది, కొత్తగా పడే ఎముకలోని కాల్షియానికి అతుక్కునే యాంటీబయాటిక్ మందు అది. కొన్ని రోజుల ఎడంతో రెండు విడతలుగా ఇస్తారు. తర్వాత బయాప్సీ, అంటే పరీక్ష కోసం చిన్న ఎముక ముక్క తీసి, కాల్షియం తియ్యకుండానే గట్టి ప్లాస్టిక్‌లో ఇమిడ్చి కోస్తారు. అందులో పసుపుపచ్చగా మెరిసే రెండు గీతలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరమే ఆ రెండు విడతల మధ్య రోజుల్లో కొత్తగా పడిన ఎముక. అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు బిగుసుకుపోయినవాళ్లను చూస్తూనే ఉన్నాం. అలాంటి మనుషుల ఎముకల్ని పరీక్షించాలంటే మన వాళ్లకు దగ్గరగా ఉండేది ఈ టెట్రాసైక్లిన్ పద్ధతే. దీని మీద తప్పకుండా ఇంకో వ్యాసం రాయండి.