‘అర్థం కాలేదు’ అని రాసి వెళ్లినవాళ్ల పక్షాన

అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్స్, అంటే మనిషో చెట్టో అని గుర్తుపట్టే బొమ్మ లేని చిత్రాలు, గ్రూప్ షోగా ఎక్కడ పెట్టినా తలుపు పక్కన టేబుల్ మీద విజిటర్స్ బుక్ ఒకటి ఉంటుంది. తిరగేస్తే సగం పేజీల్లో ‘చాలా బాగుంది, ఆల్ ద బెస్ట్’ అని ఉంటుంది. మిగతా వాటిలో ఎక్కువగా ‘రంగులు బాగున్నాయి కానీ ఏమీ అర్థం కాలేదు’. అక్కడక్కడా ‘మా పాప కూడా ఇలాగే వేస్తుంది’. మొదటిది చూసి ఆర్టిస్టులు సంతోషపడతారు, రెండోదానికి జనంలో టేస్ట్ లేదంటారు, మూడోదానికి కోపం తెచ్చుకుంటారు. నన్నడిగితే పనికిరానిది మొదటి మాటే. పెయింటింగ్ వైపు చూడకుండా కూడా అది రాయొచ్చు. మిగతా రెండూ రాసినవాళ్లు కనీసం గోడ ముందు నిలబడ్డారు, ఎక్కడో అడ్డం తగిలితే ఆ సంగతి దాచుకోకుండా చెప్పారు. ఆ అడ్డం ఏమిటో కనుక్కోవాల్సిన పని షో పెట్టినవాళ్లది.

ముందు టైమ్ సంగతి చూద్దాం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక్కో పెయింటింగ్ ముందు జనం ఎంతసేపు ఆగుతున్నారో లెక్కగట్టిన అధ్యయనం ఒకటి 2001లో వచ్చింది. సగటున 27 సెకన్లు. సగం మంది 17 సెకన్ల లోపే కదిలిపోయారు. పేరుమోసిన చిత్రాల దగ్గరే ఈ లెక్క. మన గ్రూప్ షోలో 25 మంది ఆర్టిస్టులు, మనిషికి మూడు కాన్వాసులు అనుకోండి, మొత్తం 75. ఒక్కోదానికి 17 సెకన్ల చొప్పున 21 నిమిషాల్లో షో అయిపోతుంది. మనిషి బొమ్మో ఊరి బొమ్మో అయితే 17 సెకన్లలో ఏదో ఒకటి చేతికి చిక్కుతుంది. పొరలు పొరలుగా కట్టిన రంగుల చిత్రంలో మొదటి 17 సెకన్లు పైపొరకే సరిపోతాయి. కింద ఇంకో రంగు ఉందని కన్ను పసిగట్టడానికి కనీసం రెండు మూడు నిమిషాలు నిలబడాలి. అమెరికా అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు రోత్కో తన పెద్ద కాన్వాసులను 18 అంగుళాల దూరం నుంచి చూడాలన్నాడంటే కారణం ఇదే. అంత దగ్గరికెళితే చిత్రం అంచులు చూపు చివరికి జరిగిపోతాయి, రంగు ఒక్కటే మిగులుతుంది. మన షోల్లో గోడకు అయిదడుగుల అవతల తాడు కట్టి, దగ్గరికి రావద్దని ఒక మనిషిని నిలబెడతారు.

ఆ 75 కాన్వాసులూ ఎలా వేలాడుతున్నాయన్నది అసలు పేచీ. గ్రూప్ షోకి అందరూ తలా కొంత వేసుకుని హాలు అద్దె కడతారు కాబట్టి గోడ కూడా తలా కొంత పంచుకుంటారు. ఒకరి పెయింటింగ్‌కీ పక్కవారి పెయింటింగ్‌కీ మధ్య ఆరు అంగుళాలు, మహా అయితే ఎనిమిది. సిందూరం రంగుతో మండిపోయే నాలుగడుగుల కాన్వాస్ పక్కనే మెత్తటి బూడిదరంగు కాన్వాస్ ఒకటి ఉందనుకోండి. ఎరుపును అరనిమిషం చూసి తల తిప్పితే, ఆ ఎరుపుకి ఎదురు రంగైన ఆకుపచ్చ నీడ కంట్లో ఉండగానే చూపు బూడిదరంగు మీద పడుతుంది. అసలు తల తిప్పకుండా రెండూ కలిపి చూసినా ఎరుపు పక్కన బూడిదరంగు పచ్చగా మారినట్టే ఉంటుంది. ఆ ఆర్టిస్టు నెల రోజులు కూర్చుని వెచ్చని బూడిదనీ చల్లని బూడిదనీ విడదీసి వేసి ఉంటాడు. చూసినవాళ్లు ‘అది కొంచెం డల్‌గా ఉందండీ’ అంటారు. వాళ్లు చెప్పింది నిజమే, ఆ గోడ మీద అది డల్‌గానే ఉంది.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేం కాదు. పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో రంగుల అద్దకం విభాగం బాధ్యత చూసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకి, నల్ల నూలు సరిగ్గా నల్లగా రావడం లేదని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే నలుపు అద్దకంలో లోపమేమీ లేదు. పక్కన నేసిన నీలం, ఊదా రంగులే ఆ నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయి. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. మనం మాత్రం ఇప్పటికీ పేర్ల అక్షర క్రమంలో పెయింటింగ్‌లు వేలాడదీస్తున్నాం.

అక్షర క్రమం వదిలేయండి. కాన్వాసులన్నీ గోడ కింద నేల మీద ఆనించి, ఒక పూటంతా అటూ ఇటూ మార్చి చూసుకోవాలి. ఇద్దరు ఆర్టిస్టుల మధ్య రెండడుగుల ఖాళీ ఉండాలి. అంత గోడ లేకపోతే మనిషికి మూడు కాకుండా ఒకటే పెట్టండి. పెయింటింగ్ నడిమధ్య నేల నుంచి 57, 58 అంగుళాల ఎత్తులో ఉండాలి. పై అంచులు వరుసగా కలపకండి, అలా కలిపితే చిన్న కాన్వాసులన్నీ తల పైకెత్తి చూడాల్సినంత ఎత్తుకి పోతాయి. లైటు నిట్టనిలువుకి 30 డిగ్రీల వాలులో పడాలి. అంతకంటే గోడకి దగ్గరగా తెస్తే కత్తితో పూసిన ప్రతి గరుకుకీ కింద పొడుగు నీడ పడుతుంది, దూరం జరిపితే వార్నిష్ మీద లైటు మెరిసి, రంగు బదులు బల్బే కనిపిస్తుంది. పసుపు బల్బుల కింద నీలాలు చచ్చిపోతాయి. రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే రేటింగ్, అదే సీఆర్ఐ, 90 పైన ఉన్న బల్బులు వాడండి. డబ్బా మీద రాసే ఉంటుంది.

ఇక లేబుళ్లు. పేరు ‘అన్‌టైటిల్డ్’, లేదంటే ‘కాస్మిక్ జర్నీ’. పక్కన ఇంగ్లిష్‌లో పదిహేను లైన్ల నోట్. అందులో స్పేస్, ఎనర్జీ, ఇన్నర్ సెల్ఫ్ లాంటి మాటలు దొర్లుతుంటాయి. తెలుగులో ఒక్క లైన్ ఉండదు. ఆ నోట్ పెయింటింగ్ గురించి ఒక్క ముక్క చెప్పదు, గొప్ప అర్థమేదో లోపల దాగుందన్న భ్రమ మాత్రం కలిగిస్తుంది. చూసేవాళ్లు ఆ అర్థం కోసం వెతికి వెతికి, దొరక్క, తమకే తెలియదనుకుని తలొంచుకుని వెళ్లిపోతారు. లేబుల్ ఎలా ఉండాలంటే: ‘నూలు కాన్వాస్, యాక్రిలిక్. ముందు ముదురు ఎరుపు వేసి, ఆరాక పైన నీళ్లలాంటి పల్చటి నీలం ఏడు పూతలు. ఎడమ అంచున ఎరుపు వదిలేశారు, అక్కణ్నుంచి చూడండి.’ ఇంతే. ఇది చదివినవాళ్లు తప్పకుండా ఎడమ అంచుకి వెళ్తారు, ఎరుపు చూస్తారు, నీలం కింద దాన్ని వెతుక్కుంటూ కుడివైపుకి వస్తారు. అలా రెండు నిమిషాలు గడుస్తాయి. బొమ్మల గురించి మామూలు తెలుగులో ఓపిగ్గా రాసే సంప్రదాయం మనకి లేనిదేం కాదు, తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ జీవితమంతా ఆ పని చేశారు.

అసలు అబ్‌స్ట్రాక్ట్‌కి తెలుగులో వాడే ‘నైరూప్య చిత్రం’ అన్న మాటే కొంత చెడగొట్టిందని నా అభిప్రాయం. రూపం లేనిది అని ముందే చెప్పేస్తే, లేని రూపాన్నే జనం వెతుకుతారు. ఇక్కడేదో పక్షి ఉన్నట్టుంది, అక్కడ కొండ ఉన్నట్టుంది అంటారు. మన దేశపు పేరున్న చిత్రకారుడు గైతోండే తన చిత్రాల్ని అబ్‌స్ట్రాక్ట్ అనడానికి ఒప్పుకోలేదు, నాన్ ఆబ్జెక్టివ్ అనేవాడు. వాటిలో వస్తువు లేదు, రూపం ఉంది. మధిరలో పుట్టిన మన చిత్రకారుడు సూర్యప్రకాశ్ గారి నీటి చిత్రాల ముందు జనం హాయిగా నిలబడతారు. కొలను తెలిసిందే, నీళ్లలో ఆకుల నీడలు తెలిసినవే. కానీ ఆ కాన్వాస్‌లో ఒక అడుగు ముక్క మాత్రమే కనపడేలా చుట్టూ చేతులు అడ్డుపెట్టి చూడండి. కొలను మాయమవుతుంది, పచ్చ మీద పసుపు, దాని మీద తెల్లటి గీత మిగులుతాయి. అది బాగుంటే పక్క గోడ మీది నాన్ ఆబ్జెక్టివ్ చిత్రం కూడా మీకు అందుతుంది. కన్ను చేసే పని రెండింటిలోనూ ఒకటే.

‘మా పాప కూడా వేస్తుంది’ సంగతి. బోస్టన్ కాలేజీలో హాలీ-డోలన్, విన్నర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. పేరున్న అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుల పనినీ, చిన్నపిల్లలూ కోతులూ ఏనుగులూ వేసిన వాటినీ జతలుగా చూపించి ఏది నచ్చింది, ఏది మెరుగైనది అని అడిగారు. కొన్ని జతలకి లేబుళ్లు తారుమారు చేశారు కూడా. అయినా ఆర్ట్ చదవనివాళ్లు సైతం గుడ్డిగా ఊహిస్తే వచ్చేదానికన్నా ఎక్కువసార్లు చిత్రకారుల పనినే ఎంచుకున్నారు. అంటే పాప మాట రాసినవాళ్ల కంటికి తేడా తెలుస్తూనే ఉంది, ఆ తేడాకి మాట దొరకలేదంతే.

అదీగాక కొన్నిసార్లు ఆ మాట నిజం కూడా. గ్రూప్ షోల్లో బలహీనమైన పని చాలా ఉంటుంది, దాన్ని కప్పిపుచ్చడం వల్ల ఎవరికీ మేలు లేదు. టెక్స్చర్ పేస్ట్ డబ్బా మొత్తం కత్తితో పూసి మధ్యలో బంగారు రేకు అంటించినవి, రంగు పోసి కాన్వాస్ అటూ ఇటూ వంచి వదిలేసినవి ప్రతి షోలో ఉంటాయి. పట్టుకోవడం కష్టమేం కాదు. నాలుగు మూలలూ చూడండి. పని తెలిసినవాళ్లు మూలల్ని కూడా నిర్ణయిస్తారు. తెలియనివాళ్లు నడుమ హడావుడి చేసి మూలల దగ్గర బ్రష్‌తో గబగబా నింపేస్తారు. తర్వాత రెండు రంగులు కలిసే చోటు చూడండి. ఎరుపు తడి ఆరకుండానే ఆకుపచ్చ లాగితే అక్కడ బురద రంగు వస్తుంది. అది కావాలని తెచ్చిందైతే చిత్రంలో ఇంకెక్కడో దానికి జవాబు ఉంటుంది, లేకపోతే అది తొందర. ఆయిల్ పొర మీద యాక్రిలిక్ పూశారా అన్నది కొన్నేళ్లకి పెచ్చులూడి తనే బయటపడుతుంది.

చూసేవాళ్ల కన్ను ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చెప్పడానికి ఒక చిన్న విషయం. ఎండాకాలం షోల్లో ‘ఆ కాన్వాస్ నిండా సన్నటి గుండ్రటి చుక్కలున్నాయి, కావాలని వేశారా?’ అని అడుగుతుంటారు. అవి బబుల్ ర్యాప్ అచ్చులు. యాక్రిలిక్ వేడికి మెత్తబడుతుంది. మే నెలలో మూసిన వ్యాన్‌లో, బుడగలు లోపలివైపుకి చుట్టిన కాన్వాస్ నాలుగు గంటలుంటే ఒక్కో బుడగా దిగిపోతుంది. మళ్లీ ఆ నునుపు రాదు. బుడగలు బయటివైపు ఉండేలా చుట్టి, కాన్వాస్‌కీ దానికీ మధ్య సిలికాన్ పూత ఉన్న అంటుకోని కాగితం పెట్టాలి. గోడకెక్కించిన పదిమందీ చూడనిది, ‘అర్థం కాలేదు’ అని రాయబోయే మనిషి చూశాడు.

‘ఇది తలకిందులుగా పెట్టారేమో’ అన్నా కూడా విసుక్కోకండి. డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ 1941లో రంగు టేపులతో చేసిన ‘న్యూయార్క్ సిటీ 1’ని 1945 నుంచి తలకిందులుగానే వేలాడదీస్తున్నారని, ఇప్పుడది ఉన్న జర్మనీ మ్యూజియం క్యూరేటరే 2022లో బయటపెట్టారు. తిప్పితే పాత టేపులు ఊడిపోతాయని అలాగే ఉంచేశారు. కాన్వాస్ వెనక పై వైపుకి బాణం గుర్తు వేసి సంతకం చేయండి, అర నిమిషం పని.

ధరల గురించి వచ్చే కామెంట్లకి మీడియాదే ఎక్కువ బాధ్యత. 2013 డిసెంబర్‌లో ముంబై క్రిస్టీస్ వేలంలో గైతోండే చిత్రం 23.7 కోట్లకి అమ్ముడైనప్పుడు అందరూ ఆ అంకె రాశారు. ఆయన రోలర్‌తో, కత్తితో రంగు పరిచి, మళ్లీ దాన్ని ఎత్తేసి, కింద పొర మసగ్గా తేలేలా చేసేవాడనీ, ఏడాదికి చాలా కొద్ది చిత్రాలే వేసేవాడనీ రాసినవాళ్లు చాలా తక్కువ. అంకె ఒక్కటే విన్నవాళ్లు గోడ ముందుకొచ్చి అంకె గురించే మాట్లాడతారు.

మనవాళ్లకి రంగు చూడటం రాదన్న మాటని మాత్రం నేను ఒప్పుకోను. పట్టుచీరల కొట్లో కూర్చున్న అమ్మల్ని, అమ్మమ్మల్ని గమనించండి. వంకాయ రంగు, కనకాంబరం, చిలకపచ్చ, గంధం, తమలపాకు పచ్చ, ఇన్ని పేర్లు వాళ్ల నోట్లో ఆడుతుంటాయి. నెమలికంఠం చీర తీస్తే మడత విప్పి వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూస్తారు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ కాబట్టి ఒక కోణంలో నీలం, ఇంకో కోణంలో పచ్చ. ‘పచ్చ కాస్త ఎక్కువైంది, ఇంకోటి చూపించు బాబూ’ అంటారు. అంచు రంగు ఒంటి రంగుని తినేస్తోందంటారు. షెవ్రల్ చెప్పింది అదే. ఎర్ర పూత మీద పల్చటి నీలం ఏడుసార్లు పూసిన కాన్వాస్‌లో జరిగేది కూడా ఆ మడతలో జరిగేదానికి దగ్గరే. చీరకి అర్థమేమిటని ఆమెని ఎవరూ అడగరు కాబట్టి అక్కడ ఆమెకి బెరుకు లేదు. గ్యాలరీలో అడుగు పెట్టగానే అదే మనిషి ‘నాకివన్నీ తెలియవమ్మా’ అంటుంది. ఆమె చేత ఆ మాట అనిపించింది మన నోట్లూ, మన లేబుళ్లూ.

విజిటర్స్ బుక్‌లో ఖాళీ పేజీ ఇవ్వకండి. పైన ఒక ప్రశ్న ప్రింట్ చేయించండి: ఏ చిత్రం ముందు ఎక్కువసేపు ఆగారు? ఏ చోట కన్ను ఆగింది? షో అయ్యాక ఆ జవాబులన్నీ ఆర్టిస్టులకి చదివి వినిపించండి. ప్రారంభోత్సవం రోజు ముఖ్య అతిథుల కోసం వేసిన కుర్చీలు మర్నాడు పొద్దున్నే వ్యాన్‌ ఎక్కుతాయి కదా, వాటిలో నాలుగు హాలు మధ్యలో గోడల వైపు తిప్పి, షో అయ్యేదాకా ఉంచేయండి.