మీల్ మేకర్: పేరెంత, పసెంత?

కార్తీక మాసం వచ్చిందంటే మా ఇంట్లో మీల్ మేకర్‌కు గిరాకీ. నీసు ముట్టని ఆ నెల రోజులూ మటన్ మసాలా దట్టించి వండిన ఈ సోయా ఉండలే నాలుక బాకీ తీరుస్తాయి. వేడినీళ్లలో నానేసి పిండితే నురగతో పచ్చటి నీళ్లు కారతాయి, దాంతోపాటు ఒక రకమైన పచ్చిపిండి వాసన. రెండుమూడు సార్లు పిండి పారబోస్తే గానీ అది వదలదు. మొన్న అలా పిండుతుండగా, కొత్తగా జిమ్‌లో చేరిన మా మేనల్లుడు ప్యాకెట్ తిప్పి చూపించాడు. ‘చూడు మామయ్యా, వంద గ్రాముల్లో 52 గ్రాముల ప్రొటీన్. మటన్‌లో ఇందులో సగం కూడా ఉండదు.’

అంకె తప్పు కాదు, తిరకాసు తూకంలో ఉంది. ఆ 52 గ్రాములు ఎండు ఉండలవి. నానితే వాటి బరువు రెండున్నర, మూడింతలవుతుంది. ఒక మనిషి ఒక పూట తినేది ఎండుగా తూస్తే పాతిక, ముప్పై గ్రాములు. అంటే దక్కే ప్రొటీన్ 13 నుంచి 15 గ్రాములు. తక్కువేం కాదు. పప్పన్నం మీద నడిచే ఇంటికి మంచి దన్నే. నాణ్యతలోనూ కందిపప్పు, పెసరపప్పుల కన్నా సోయా ఒక మెట్టు పైనే. కానీ ఎండు ఉండను పచ్చి మాంసంతో పోల్చడమంటే ఎండు చేపనూ పచ్చి చేపనూ ఒకే తక్కెట్లో వేయడమే.

‘గుండెకు మంచిది’ అన్న పేరు మాత్రం అమెరికా నుంచి వచ్చింది. సోయా ప్రొటీన్‌తో చెడు కొలెస్ట్రాల్ 13 శాతం దాకా తగ్గుతుందని, అప్పటి పరీక్షలన్నీ కలిపి లెక్కగట్టిన ఒక విశ్లేషణ 1995లో తేల్చింది. 1999లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కొవ్వు తక్కువున్న భోజనంలో రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని డబ్బాల మీద రాసుకోనిచ్చింది. సోయా పేరు మోగిపోయింది. తర్వాతి పరీక్షలు ఆ మోతను తగ్గించాయి. 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మళ్లీ లెక్క చూస్తే తగ్గుదల 3 శాతం దగ్గర ఆగింది, అదీ రోజుకు దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ తింటే. మా వాడి ప్యాకెట్ భాషలో చెప్పాలంటే రోజూ వంద గ్రాముల ఎండు మీల్ మేకర్! 2017లో ఎఫ్‌డీఏ, తానిచ్చిన అనుమతిని తానే వెనక్కి తీసుకుంటానని ప్రతిపాదించింది.

అలాగని సోయా గుండెకు పనికిరాదనలేం. కొవ్వు మాంసం, వెన్న తినే చోట వాటి బదులు తింటే మేలు కనిపిస్తుంది. ఆ మేలులో పెద్ద వాటా కంచంలోంచి పోయినదానిది. మన పెళ్లిభోజనాల్లో నూనెలో తేలే మీల్ మేకర్ కుర్మా దేని బదులు వస్తోంది? అన్నిటితో పాటు అదనంగా వస్తోంది.

చెడ్డపేరు కూడా ఇంతే పలచన. సోయాలోని ఐసోఫ్లేవోన్లనే పదార్థాలు స్త్రీ హార్మోన్‌ను పోలి ఉంటాయన్నది నిజం. ఆ పోలికతో జిమ్ కుర్రాళ్లు హడలిపోతున్నారు. మగవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2010లో చూస్తే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌లో మార్పేమీ కనిపించలేదు. అందరూ చూపించే ఉదాహరణ, రొమ్ములు పెరిగిన 60 ఏళ్ల అమెరికన్, రోజుకు మూడు లీటర్లకు కాస్త తక్కువగా సోయా పాలు తాగేవాడు. అంత తాగితే మజ్జిగైనా ఏదో ఒకటి చేస్తుంది. రొమ్ము క్యాన్సర్ విషయంలోనూ అంతే. షాంఘైలో ఆ జబ్బు వచ్చిన 5,042 మంది మహిళలను గమనిస్తే, సోయా ఎక్కువ తిన్నవారిలో జబ్బు తిరగబెట్టడం, మరణాలు తక్కువగా కనిపించాయని 2009లో ప్రచురించారు. వాళ్లు తిన్నది టోఫూ (సోయా పాలు విరగ్గొట్టి చేసే పనీర్‌లాంటిది), సోయా పాలలాంటి ఆహారం. ఆ ధైర్యంతో ఐసోఫ్లేవోన్ మాత్రలు మింగడం వేరే సంగతి.

నన్నడిగితే పట్టించుకోవలసిన హెచ్చరిక థైరాయిడ్‌ది. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకునేవాళ్లు ఇవాళ ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఉన్నారు. ఆ వెంటనే సోయా పాలు తాగితే మందు ఒంటికి పూర్తిగా పట్టదు. డోసు చాలడం లేదనుకుని పెంచుకుంటూ పోతారు.

ఇంకో చిక్కు, అన్నిటినీ ‘సోయా’ అనే ఒకే పేరుతో పిలవడం. నూడుల్స్ బండి మీది సోయా సాస్ ఒక పెద్ద చెంచాడులో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం. రోజంతటికీ 2,000 లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సోయా నూనెలో ప్రొటీనే లేదు. మీల్ మేకరేమో నూనె తీయగా మిగిలిన పిండిని వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి పొంగించి తీసినది. జపాన్ వాళ్లు పులియబెట్టి తినే నాటో, మీసోలతో దానికి గింజలోనే చుట్టరికం. వాళ్ల ఆయుష్షును మన ప్యాకెట్ ఖాతాలో రాసేయలేం.

గింజ మనకు కొత్తదేం కాదు. ఆదిలాబాద్, నిర్మల్ నల్లరేగళ్లలో సోయా చిక్కుడు పండుతోంది. నూనె తీశాక మిగిలే చెక్కలో ఎక్కువ భాగం వెళ్లేది వంటింటికి కాదు, కోళ్ల ఫారాలకు. 2021లో దాణా ధరలు మండిపోతే, జన్యుమార్పిడి సోయా చెక్కను 12 లక్షల టన్నుల దాకా దిగుమతి చేసుకోవడానికి కేంద్రం అనుమతించింది కూడా. కార్తీకం వెళ్లిన మర్నాడు మా మేనల్లుడు చికెన్ ముక్క నములుతుంటే ఈ మాట చెప్పాను. ‘అయితే అప్పుడూ ఇప్పుడూ తింటున్నది సోయానేనా?’ అని ముక్క పక్కన పెట్టి, కాసేపటికి మళ్లీ తీసుకున్నాడు.