యూజర్ దేవుడు, పలకనంతవరకు

మనిషిని కేంద్రంగా పెట్టుకుని డిజైన్ చేయాలన్న మాట ఇప్పుడు ప్రతి ప్రొడక్ట్ ఆఫీసు గోడ మీదా ఉంది, ఎక్కువగా కాఫీ మెషీన్ పక్కన. 1999లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ చేతిలో 13407గా పుట్టి, 2010లో 9241-210గా నంబరు మార్చుకుని, 2019లో మరోసారి దిద్దుకున్న ప్రమాణం ఇందుకు నాలుగు పనులు చెప్పింది. ఎవరు, ఎక్కడ, ఎలా వాడతారో తెలుసుకోండి. వాళ్లకేం కావాలో రాసుకోండి. తయారుచేయండి. సరిపోయిందో లేదో చూడండి. మన టీములు మూడోది దివ్యంగా చేస్తున్నాయి. మిగతా మూడింటి కోసం స్టికీ నోట్లు తెప్పించారు.

యూజర్ మనసు తెలుసుకోవడానికి గీసే ఎంపతీ మ్యాప్‌నే తీసుకోండి. యూజర్ ఏమంటాడు, ఏమనుకుంటాడు, ఏం చేస్తాడు, ఏమనిపిస్తుంది అని నాలుగు గళ్లు. ఒక్క యూజరైనా లేని గదిలో గంట తిరక్కుండా నిండిపోతాయి. ఆ పైన పర్సోనా, అంటే నమూనాగా అల్లుకున్న యూజర్: ముప్పై నాలుగేళ్లు, తీరిక తక్కువ, టెక్నాలజీ అంటే మక్కువ, చేతిలో లాటె. ఈయన ఎదురు మాట్లాడడు, ప్రొడక్ట్ మేనేజర్ మనసులో మాటే తన మాటగా చెబుతాడు. ఇంతకు మించిన ఉత్సవ విగ్రహం ఎక్కడ దొరుకుతుంది? ఊరేగింపు అయ్యాక గుళ్లో పెట్టి తాళం వేస్తే సరి.

ఈ భక్తి ఫలితం ఫారంలో కనిపిస్తుంది. ఇంటిపేరు ముందు పెట్టుకునే జనాన్ని ముందు ‘ఫస్ట్ నేమ్’, తర్వాత ‘లాస్ట్ నేమ్’ అడుగుతాం. యూజర్ ఇంటిపేరుకు ఎప్పటిలాగే ఒక్క పొడి అక్షరం వేస్తాడు. ‘కనీసం 2 అక్షరాలు ఉండాలి’ అని ఎర్రగా ఉరుముతాం. విసిగి తన పేరు చివరి ‘రావు’ను విడదీసి అక్కడ రాస్తే, ఆధార్‌తో పేరు కలవలేదని మూడో పేజీలో వెనక్కి పంపుతాం. ‘ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరు’ అని ఒకే పెట్టె పెడితే పోయేదే. కానీ అంత తేలిగ్గా తేలిపోతే సపోర్టు విభాగం ఏం తిని బతుకుతుంది?

పుట్టిన తేదీకి క్యాలెండర్ ఇస్తాం. అది ఈ నెల దగ్గర తెరుచుకుంటుంది. 1960లో పుట్టిన పెద్దాయన 2025లో వెనక్కి బాణాన్ని దాదాపు 780 సార్లు నొక్కాలి. తేదీ, నెల, సంవత్సరం టైప్ చేసుకోవడానికి మూడు పెట్టెలు చాలు, కానీ వాటిలో యానిమేషన్ ఉండదు.

తెలుగు మీద ప్రేమ మరో మెట్టు పైన. ‘మీ భాషలోనే మా సేవ’ అన్న బ్యానర్ కింద ఓటీపీ ఇంగ్లీషులో వస్తుంది. కారణం గట్టిదే: ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70. పైగా ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు. 70 దాటితే బిల్లు రెండు మెసేజీలకు పడుతుంది. ‘4821 మీ ఓటీపీ, ఎవరికీ చెప్పకండి’ అని రాస్తే హాయిగా ఒక్క దాంట్లోనే పడుతుందన్న సంగతి ఖజానాకు చెప్పకండి.

బటన్ల దగ్గర మన అనువాద కళ చూడాలి. ‘ఆర్డర్ రద్దు చేయాలా?’ అని అడిగి, కింద ‘రద్దు చేయి’ అని ఒకటి, ‘రద్దు’ అని ఇంకొకటి. రెండోది ఇంగ్లీషు ‘క్యాన్సిల్’కు మక్కికి మక్కి. ఏది నొక్కితే ఆర్డర్ ఉంటుందో కనుక్కోవడం యూజర్ ప్రజ్ఞకు వదిలేశాం. పైగా బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి బిగించినది కాబట్టి కింద వత్తు తెగి ‘రదు’ అని కనబడుతుంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ అని రెండు మాటలు పెట్టి చూస్తే నిమిషంలో దొరికే తప్పు. వేలికి అందేలా బటన్ కనీసం 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్, 44 పాయింట్లు ఉండాలని ఆపిల్ అంటాయి; రెండూ తెర మీద కొలతలే. అవి వేళ్లున్నవాళ్ల గొడవ.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. కొందరు తొందరపడి యాప్ వాడి చూపించమని నిజం మనుషుల్ని పిలుస్తున్నారు. వాడుక తీరును పరిశోధించే జేకబ్ నీల్సన్, టామ్ లాండావర్ 1993లో కట్టిన లెక్కను బట్టి, ఒక్కొక్కరు సగటున 31 శాతం లోపాలు బయటపెడితే ఐదుగురికే 85 శాతం దాకా బయటపడతాయి. ఐదుగురంటే ఒక షేర్ ఆటో. ఖర్చు ఎక్కువన్న సాకు కూడా మిగలదు.

పిలిచారే అనుకోండి, దాన్ని చెడగొట్టే దారులు చాలా ఉన్నాయి. ‘కరెంటు బిల్లు కట్టండి’ అనకుండా ‘పైన నీలం బటన్ నొక్కి బిల్లు కట్టండి’ అనండి. వచ్చినాయన పాత ఫోన్, పగిలిన అద్దం, ఎండలో కనబడని తెర పక్కన పెట్టించి, ఏసీ గదిలో మీ కొత్త ఫోన్ ఇవ్వండి. ఆయన ఆగిపోయి గెడ్డం గోక్కుంటే నోరు మూసుకుని పది సెకన్లు చూడకండి, వెంటనే చెప్పేయండి. లోపం దొరికేది ఆ పది సెకన్లలోనే. చివర్లో ‘నచ్చిందా అండీ?’ అని అడగడం మరవద్దు. పిలిచి టీ ఇచ్చినవాళ్లతో బాగాలేదని చెప్పే మనిషి మన దగ్గర పుట్టలేదు. ‘పోయినసారి బిల్లు ఎలా కట్టారు?’ అని మాత్రం అడక్కండి. ‘మా అబ్బాయి చేత కట్టించా బాబూ’ అంటాడు, మీ పర్సోనా అక్కడికక్కడే కూలిపోతుంది.

ఇన్ని బాధలెందుకు? అభిప్రాయం కావాలంటే డబ్బు కట్టే బటన్‌కు అడ్డంగా ఒక కిటికీ తెరవండి: ‘మా సేవ ఎలా ఉంది?’ మూసే గుర్తును తెల్లటి తెర మీద లేత బూడిద రంగులో దాచండి. పెద్దాయన కాసేపు వెతికి, అదొక్కటే దారని అయిదో నక్షత్రం నొక్కుతాడు. మూడు నెలల సమీక్షలో ఆ నక్షత్రం పెద్ద తెర మీద మెరుస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. పెద్దాయన ఆ సమయానికి కరెంటాఫీసు క్యూలో ఉంటాడు.