బిడ్డ గుడ్డుకు తల్లి ముఖం తనిఖీనా?

అంగన్‌వాడీ కేంద్రంలో పాలు, గుడ్లు, బాలామృతం అన్నీ ఉన్నాయి. తీసుకోవాల్సిన తల్లీ ఎదురుగానే ఉంది. ఆమెకు కాన్పు ఎప్పుడైందో, బిడ్డ బరువెంతో టీచరు రిజిస్టరు తెరవకుండానే చెప్పగలదు. అయినా సరుకు ఆ తల్లి చేతిలో పెట్టడానికి వీల్లేదు, ఫోను ఒప్పుకోలేదు కాబట్టి. ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు 2025 జులై 1 నుంచి తప్పనిసరి అంటూ కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పెట్టిన నిబంధన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చివరికి చేసే పని ఇదే. దీన్ని మేం ఒప్పుకోం.

టీచరు ఫోనులో ఈ పని చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముందు ఆధార్ ఈకేవైసీ, అంటే ఆధార్‌తో తల్లి గుర్తింపు సరిచూడటం, అవ్వాలి, దానికి ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తుందో ఢిల్లీలో ఒక్కరైనా ఆలోచించారా? ఎచ్చెర్ల, గార, కవిటి నుంచి అటు భోగాపురం, పూసపాటిరేగ దాకా తీరం ఊళ్ల మగవాళ్లు ఎందరో గుజరాత్ వెళ్లి వీరావల్ బోట్ల మీద పని చేస్తారు. ఆధార్‌కు లింకైన నంబరు భర్తదైతే, అతను నడి సముద్రంలో ఉంటే, ఆ నాలుగంకెలో ఆరంకెలో ఇంటికి చేరేదెప్పుడు? మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర గూడేల సంగతి వేరే చెప్పాలా, సిగ్నల్ ఉంటే కదా ఓటీపీ రావడానికి.

ఆ గండం గట్టెక్కితే ఫొటో. "కళ్లు ఆర్పమ్మా... ఇంకోసారి... కొంగు తియ్యి, కొంచెం వెలుతురులోకి రా" అంటూ టీచరు, చంకలో ఏడుస్తున్న బిడ్డ, వెనక నిలబడ్డవాళ్ల విసుగు. ఎప్పుడో పెళ్లికి ముందు తీయించుకున్న ఆధార్ ఫొటోకీ, కాన్పయ్యాక చిక్కిపోయిన ముఖానికీ పోలిక కుదరలేదని యాప్ తిప్పికొడుతుంది. రేపు రమ్మంటారు. రేపు వస్తే కూలి పోతుంది, రాకపోతే బిడ్డ తిండి పోతుంది. ఈ టెన్షన్ అంతా పడేది గౌరవ వేతనం మీద బతికే టీచరూ, చేతిలో పైసా లేని తల్లీ.

బోగస్ పేర్లు ఏరేయడానికే ఈ ఏర్పాటు అని ప్రభుత్వం అంటోంది, బోగస్ ఉంటే ఏరేయాల్సిందే, కాదనేవాళ్లు లేరు. కానీ తనిఖీ తల్లి దగ్గరే ఎందుకు మొదలవ్వాలి, తల్లి దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? గుడ్లు సరఫరా చేసే కాంట్రాక్టరు గోలీ కాయంత గుడ్లు దించిపోతే ఏ యాప్ పట్టుకుంటోంది? పాలు పది రోజులు ఆలస్యంగా వస్తే ఎవరి ముఖం స్కాన్ చేస్తున్నారు? బిల్లు పాసు చేసే అధికారి ఆ కేంద్రానికి నిజంగా వెళ్లాడో లేదో ఏ కెమెరా చూస్తోంది? కోట్ల రూపాయల టెండర్ల మీద నమ్మకం, గుడ్డు అడిగే తల్లి మీద అనుమానం. ఇది ద్వంద్వ నీతి, ఇంతకంటే మెత్తటి మాట మాకు దొరకలేదు.

చట్టం ఏం చెబుతోందో కూడా మరిచిపోయినట్టున్నారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలన్నది 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం. అది హక్కు, ఎవరి దయా కాదు. ఆధార్ చూపలేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకాలు ఆపొద్దని 2018 సెప్టెంబర్ 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆధార్ లేకపోయినా ఆపకూడదన్నప్పుడు, ఆధార్ ఉండి, మనిషి ఎదురుగా ఉండి, ఫొటో సరిపోలలేదని ఆపడానికి ఎవరికి అధికారం ఉంది?

పైగా ఈ మెలిక పడింది ఏ వయసు పిల్లల మీద? ఇంటికి రేషన్ తీసుకెళ్లేది గర్భిణులు, బాలింతలు, ఆరు నెలల నుంచి మూడేళ్లలోపు పిల్లల తల్లులు. ఎత్తు, బరువు, మెదడు ఎదుగుదల ఆధారపడేది సరిగ్గా ఆ కాలం మీదే, అప్పుడు పోయింది తర్వాత బడిలో ఎంత పెట్టినా పూర్తిగా తిరిగి రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, ఆరు నెలలు దాటిన పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత. ఇలాంటి చోట ఒక నెల రేషన్ తప్పినా చిన్న విషయమా? కేంద్ర నిబంధనల్లో బిడ్డకు రోజుకు ఎనిమిది రూపాయలని 2017లో ఖరారు చేసి ఏళ్ల తరబడి కదపకుండా ఉంచారు, ఈ రోజు కొట్లో గుడ్డొక్కటే ఆరేడు రూపాయలు. ఆ రేటు సవరించడానికి లేని తొందర ముఖాలు స్కాన్ చేయడానికి ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ రోజు ఇంటి రేషన్‌కు ఒప్పుకుంటే రేపు కేంద్రంలో కూర్చుని తినే పిల్లల అన్నానికీ, ఎల్లుండి బడిలో మధ్యాహ్న భోజనానికీ ఇదే కెమెరా రాదని హామీ ఎవరిస్తారు?

యాప్ పనిచేయని రోజు రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో తీసుకుని సరుకు ఇచ్చేయాలని రెండు జిల్లాల కలెక్టర్లు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి, నోటిమాట ఆదేశాలను నమ్మి తర్వాత మెమోలు తీసుకునే స్థితిలో టీచర్లు లేరు. ఆహారం అందకపోతే భత్యం చెల్లించాలని ఆహార భద్రత చట్టంలోని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది, ఇక్కడ ఎంతమంది తల్లులకు అలా చెల్లించారో లెక్క బయటపెట్టాలి. కేంద్ర మంత్రివర్గంలో శ్రీకాకుళానికి చోటు ఉంది, ఈ మాట అక్కడ ఎత్తాల్సిన బాధ్యత కూడా ఉంది. అమరావతి, ఢిల్లీల్లో కూర్చుని డ్యాష్‌బోర్డు చూసి నూటికి ఎంత శాతం ఫేస్ మ్యాచ్ అయిందో లెక్కపెట్టుకునే అధికారులు, మ్యాచ్ కాని వాళ్ల బిడ్డలు ఆ నెల ఏం తిన్నారో ఒక్క కేంద్రానికైనా వచ్చి అడగండి.